ప్లేటు కింద ఇనుము

గురువారం ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు సెంబవాంగ్‌లో తారాదేవి ఇంటి ముందు టో ట్రక్కు ఆగింది. దాని మీద 1974 నాటి ల్యాండ్ రోవర్ ఉంది. ఇంజన్ తిరగడం లేదు. ముందు టైర్లు రెండింటిలో గాలి లేదు. మూసేసిన కోళ్లఫారం వెనక రేకుల షెడ్డులో ఏళ్ల తరబడి పడి ఉందని అమ్మినవాడు చెప్పాడు.

కొన్నది తారాదేవి తమ్ముడి కొడుకు నిశాంత్. అతను జురాంగ్ ఈస్ట్‌లో పన్నెండో అంతస్తు ఫ్లాట్‌లో ఉంటాడు. అక్కడ బండి విప్పే చోటు లేదు. అత్తది నేల మీది వరుస ఇల్లు, ముందు పోర్చి ఉంది. పైగా ఆమె ముప్ఫై ఏళ్లు షిప్‌యార్డులో ఓడల అడుగు రేకుల మందం కొలిచే ఉద్యోగం చేసి రిటైరైంది. ఆమె భర్త పార్థసారథి పని మీద బటామ్ దీవికి వెళ్లాడు, అతని కారు పోర్చిలో లేదు. నిశాంత్ ఇవన్నీ లెక్కేసుకునే అడిగాడు.

ట్రక్కు డ్రైవరు గొలుసు వదిలాడు. బండి పోర్చిలోకి జారి, గోడకు జానెడు దూరంలో ఆగింది. కింద నేల మీద తుప్పు పొడి రాలింది.

"తాతా! కమ్, కమ్. వచ్చి చూడు" అని నిశాంత్ లోపలికి కేకేశాడు. "నువ్వు డ్రైవ్ చేసిన మోడలే. సేమ్ సేమ్!"

తారాదేవి తండ్రి బసవయ్యకు ఎనభై ఆరేళ్లు. కర్ర పట్టుకుని గడప దాటి వచ్చాడు. బండికి రెండు అడుగుల దూరంలో ఆగాడు. డ్రైవరు తలుపు మీద అరచెయ్యి పెట్టాడు. చెయ్యి తియ్యకుండా రేకు వెంట నడుస్తూ వెనక చక్రం దాకా వెళ్లాడు. అక్కడ చెయ్యి తీసేశాడు. మూల తిరిగి బండి వెనక్కి వెళ్లలేదు.

"ఎక్కడ దొరికింది?" అని అడిగాడు.

"లిమ్ చూ కాంగ్‌లో. షెడ్డులో. ఎవరో టౌకే ఫ్యామిలీదట, పెద్ద షావుకారు, వాళ్లకే గుర్తులేదు. చీప్ కాదు తాతా, కానీ వర్త్ లా."

బసవయ్య తల ఊపి లోపలికి వెళ్లాడు. ఉదయం కాఫీ బల్ల మీద చల్లారిపోయింది. సాయంత్రం వాకింగుకు ఆయన ముందు గేటు వైపు రాలేదు. వంటింటి తలుపు తీసుకుని వెనక సందులోంచి వెళ్లి, అందులోంచే వచ్చాడు.

"నాన్నా, ముందు దారి ఉందిగా. బండి అడ్డమా?" అని తారాదేవి అడిగింది.

"అటు ఎండ" అన్నాడు బసవయ్య. అప్పుడు వాన పడుతోంది.

శుక్రవారం తారాదేవి పని మొదలుపెట్టింది. ల్యాండ్ రోవర్ పై రేకులన్నీ అల్యూమినియం, వాటికి తుప్పు పట్టదు. తుప్పు తినేది లోపలి ఇనుమును. అల్యూమినియం ఇనుముకు ఆనిన చోట తెల్లటి పొడి రాలుతుంది. ఆమె ఆ పొడి ఉన్న ప్రతి చోటా సుద్దతో గీత పెట్టుకుంటూ బండి చుట్టూ తిరిగింది. బోల్టులకు నూనె పోసింది. నూనె ఇంకకముందే రెంచి పెడితే బోల్టు తల తెగుతుంది. కాబట్టి శుక్రవారమంతా నూనె పోయడం, చూడటం, మళ్లీ పోయడమే జరిగింది.

శనివారం నిశాంత్ వచ్చాడు. ఇద్దరూ తలుపులు ఊడదీసి బల్ల మీద పడుకోబెట్టారు. పైన ఆకుపచ్చ రంగు. గీకితే దాని కింద ఎర్ర ప్రైమరు. దాని కింద నీలం. తారాదేవి నీళ్లలో తడిపిన గరుకు కాగితంతో గుండ్రంగా రుద్దుతోంది. డ్రైవరు తలుపు మధ్యలో నీలం మీద తెల్లగా ఏదో తేలింది. ముందు ఒక చైనా అక్షరం, తర్వాత ఇంకొకటి, వాటి కింద ఇంగ్లీషులో సగం పేరు.

ఆమె చెయ్యి ఆపింది. ఆ పేరు ఆమెకు తెలుసు. తండ్రి ఖాకీ చొక్కా జేబు మీద అదే ఉండేది. ఉతికేటప్పుడు దారం పోకుండా ఆ చొక్కాను తిరగేసి ఆరేసేవాళ్లు.

"అత్తా? వాట్?"

"తాత కంపెనీ."

"అయితే ఇది తాత బండేనా?"

"వాళ్లకి ఇలాంటివి రెండుండేవి. ఒకటి ముందే తుక్కుకిచ్చేశారు."

నిశాంత్ చేతిలో కాగితం నీళ్లు కారుతోంది. "అలామక్, ఓరి దేవుడా" అన్నాడు. "మరి తాత ఎందుకు చెప్పలేదు? మొన్న ముట్టుకున్నాడుగా."

తారాదేవి రేకు మీద ఇంకొన్ని నీళ్లు చల్లింది.

"డాడీ నాకు ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. యాక్సిడెంట్, తాత లైసెన్స్ పోయింది, అంతే. అడిగితే 'తిను' అంటాడు."

"వర్కర్లని వెనక ఎక్కించుకుని యార్డు నుంచి డార్మిటరీకి దింపేవాడు" అంది తారాదేవి. "ఎనభై ఎనిమిదిలో. ఒక మలుపులో వెనక తలుపు ఊడి తెరుచుకుంది. దానికి ఆనుకుని కూర్చున్న అప్పన్న అనే అతను రోడ్డు మీద పడ్డాడు. అక్కడే పోయాడు. తాత కొక్కేలు వెయ్యలేదన్నారు. మూడు నెలలు జైలు. బయటికొచ్చాక అదే యార్డులో చీపురు పట్టుకున్నాడు."

"వెయ్యలేదా మరి?"

"మర్చిపోయి ఉంటాడు. రోజుకి ఆరు ట్రిప్పులు."

"మర్చిపోయానని తాత చెప్పాడా?"

తారాదేవి రేకు మీది నీళ్లను గుడ్డతో తుడిచింది. "ఆ సన్న కాగితం ఇటివ్వు" అంది.

కొంచెంసేపు రుద్దాక మళ్లీ ఆమే అంది. "అప్పన్న తమ్ముడు కూడా ఆ రోజు వెనకే కూర్చున్నాడు. కోర్టులో సాక్ష్యం చెప్పింది అతనే. నీకు తెలుసు. వెంకటేశ్వర రావు గారు."

"బుకిట్ పంజాంగ్ అంకులా? ఉగాదికి పులిహోర వడ్డించే అంకుల్?"

"ఆయనే."

నిశాంత్ తలెత్తాడు. ఏటా తెలుగువాళ్ల ఉగాది భోజనాల్లో అతను చూస్తున్నదే. వరుసలో తాత దగ్గర పడేసరికి ఆ అంకుల్ గరిటె పక్కవాడి చేతిలో పెట్టి చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోతాడు. తాత పళ్లెం దాటాక తిరిగి వస్తాడు. చిన్నప్పటి నుంచీ అది కూడా పండగలో ఒక భాగం అనుకున్నాడు.

"వెనక్కి ఇచ్చెయ్యనా అత్తా దీన్ని?"

"ఎవరికిస్తావు? ఉండనీ. గీకు."

ఆదివారం తారాదేవి బండి వెనక అట్ట పరుచుకుని పడుకుంది. ఛాసిస్ చివర అడ్డంగా ఒక ఇనుప ఛానెల్ ఉంటుంది. వెనక తలుపు రెండు మడతబందుల మీద దానికే వేలాడుతుంది. తలుపు పైకెత్తి, రెండు పక్కలా కొక్కేలు వేసి, వాటిలో పిన్నులు దూరిస్తే నిలబడుతుంది. కొక్కేలు తీస్తే వెనక్కి వాలుతుంది. నిశాంత్ అప్పటికే తలుపు విప్పి పక్కన పెట్టాడు.

ఆమె మీటరు పెట్టి ఛానెల్ మందం చూసింది. మూడు మిల్లీమీటర్లు. కొత్తదానిలా ఉంది. చుట్టూ ఉన్న ఇనుమంతా తినేసి ఉంటే ఇదొక్కటే బాగుండటం ఆమెకు నచ్చలేదు. చిన్న సుత్తి తీసుకుని ఎడమ నుంచి కుడికి కొట్టుకుంటూ వచ్చింది. మంచి ఇనుము మోగుతుంది. తినేసిన ఇనుము మొద్దుగా పలుకుతుంది. ఇది రెండు రకాలుగానూ పలకలేదు. ముందు ఒక చప్పుడు, దాని వెనకే ఇంకొకటి వచ్చాయి. మళ్లీ కొట్టింది. మళ్లీ రెండు.

హాల్లో రేడియో ఆగిపోయింది.

కిటికీ ఊచల వెనక కర్టెను కదిలింది. బసవయ్య గొంతు వినబడింది. "బండి వెనక్కొచ్చావా?"

"వచ్చాను నాన్నా."

"ఊఁ."

ఆయన అక్కడే నిలబడ్డాడు. తారాదేవి సుత్తి కింద పెట్టేదాకా కర్టెను వెనక ఆ నీడ ఉంది.

వైరు బ్రష్షు తిప్పితే రంగు లేచింది. ఛానెల్ అంచు వెంట వెల్డింగ్ బొడిపెలు బయటపడ్డాయి. లోపలి ఇనుము మీద మూడు మిల్లీమీటర్ల ప్లేటు పరిచి నాలుగు వైపులా అతికించారు. పని చేసినవాడు తొందరలో ఉన్నాడు. ఒకచోట బొడిపె కరిగి కిందికి కారింది. ఇంకోచోట పట్టకపోతే దాని మీదే మళ్లీ వేశాడు. తలుపు బందులు ఈ కొత్త ప్లేటుకు బిగించి ఉన్నాయి. మీటరు చూపించిన మందం ప్లేటుది.

"ఎవరైనా రిపేర్ చేశారేమో, అత్తా. పాత బండి కదా."

"చేశారు. గ్రైండరు ఇవ్వు. ఆ కళ్లద్దాలు పెట్టుకో."

మూడు వైపులా అతుకు కోసేసరికి గంటన్నర పట్టింది. పక్కింటావిడ గేటు దగ్గరికి వచ్చి, ఆదివారం కూడానా అన్నట్టు చూసి వెళ్లింది. నాలుగో వైపు ఉలి పెట్టి తారాదేవి సుత్తితో నాలుగు దెబ్బలు వేసింది. ప్లేటు కింద పడి సిమెంటు మీద గుండ్రంగా తిరిగి ఆగింది. లోపల నిలిచిన తుప్పు నీళ్ల వాసన వచ్చింది.

ఆమె టార్చి వేసింది.

కుడి బందు బోల్టు రంధ్రాలు రెండూ గుండ్రంగా ఉన్నాయి. ఎడమ వైపు రంధ్రాలు లేవు. రెండూ కలిసి ఒక చీలిక అయ్యాయి. చీలిక అంచులు వెనక్కి, అంటే రోడ్డు వైపుకి, వేలి కణుపంత పొడుగు సాగి ఉన్నాయి. అక్కడి ఇనుము అప్పడం మందం కూడా లేదు. దాని మీద నీలం రంగు ఉంది. ఆకుపచ్చ లేదు, ఎర్ర ప్రైమరు లేదు. కంపెనీ రంగు ఉన్న రోజుల్లోనే అది చిరిగింది. చిరిగాకే ప్లేటు వేశారు.

తారాదేవి బొటనవేలితో ఆ అంచును ఈ కొస నుంచి ఆ కొసకు తడిమింది.

"నిశాంత్, ఆ తలుపు తెచ్చి ఇక్కడ నిలబెట్టు. నిలువుగా. ఇప్పుడు లోపల్నుంచి తన్నినట్టు నెట్టు. బందు ఎటు లాగుతోంది?"

"వెనక్కి. స్ట్రెయిట్ బ్యాక్."

"ఇప్పుడు కొక్కేలు లేవనుకో. వాల్చెయ్. దాని మీద బరువు పడితే?"

నిశాంత్ తలుపు వాల్చి చేత్తో నొక్కాడు. "కిందికి."

"చిరుగు ఎటుంది?"

అతను వంగి చూశాడు. లేచి కళ్లద్దాలు తీశాడు. "డోర్ నిలబడే ఉంది. సో కొక్కేలు వేసే ఉన్నాయి. తాత వేశాడు."

"వేశాడు. ఇనుము చచ్చిపోయి ఉంది. ఎడమ బందు ఊడొచ్చి, తలుపు ఆ మూల నుంచి తెరుచుకుంది."

కిటికీ దగ్గర నుంచి బసవయ్య అడిగాడు. "ఊడిందా ప్లేటు?"

"ఊడింది నాన్నా. వచ్చి చూస్తావా?"

"ఒకసారి చూశాగా."

"ఎప్పుడు?"

"ఆ సాయంత్రమే. రోడ్డు మీద. మర్నాడు పొద్దున పోలీసులతో వెళ్లేసరికి షెడ్డులో ఆ ప్లేటు వేసేసి ఉంది. రంగు ఇంకా తడిగానే ఉంది." కర్టెను పట్టుకున్న వేళ్లు కనిపించాయి. "మూసెయ్యమ్మా. నీళ్లు పోతాయి లోపలికి."

కర్టెను పడింది. కాసేపటికి రేడియో మోగింది.

నిశాంత్ గొంతు తగ్గించాడు. "ఇది ఎవిడెన్స్, అత్తా. పోలీసులకి ఇద్దాం."

"కంపెనీ యజమాని, ఆ టౌకే, పోయి పదేళ్లయింది. కంపెనీ లేదు. ఎవరి మీద ఇస్తావు?" తారాదేవి సుద్దతో ఛానెల్ ఎడమ కొస చుట్టూ గీత గీసింది. "ఇది చూడాల్సిన మనిషి ఒక్కడున్నాడు. తన అన్నని మా నాన్న చంపాడని ముప్ఫై ఏడేళ్లుగా అనుకుంటున్నాడు. కాదని అతని కళ్లతో అతను చూడాలి. నాన్నకి ఎనభై ఆరు."

ఆ ముక్కను కోసి తీసింది. కోసిన అంచులు గుచ్చుకోకుండా పాత తువ్వాల్లో చుట్టి ముడి వేసింది.

సోమవారం సాయంత్రం తారాదేవి ట్రైను దిగి, లైట్ రైలు మారి బుకిట్ పంజాంగ్ వెళ్లింది. సూపర్‌మార్కెట్ సంచిలో తువ్వాలు మూట ఉంది. రైల్లో దాన్ని పాదాల మధ్య పెట్టుకుంది. మలుపు తిరిగినప్పుడల్లా మూట కాలికి తగిలింది.

తలుపు తీసింది వెంకటేశ్వర రావు భార్య అరుంధతి. తారాదేవిని చూసి ఒక క్షణం గేటు తాళం చేతిలోనే పట్టుకుని నిలబడింది. బసవయ్య ఇంటి వాళ్లెవరూ ఆ గడప ఎప్పుడూ తొక్కలేదు.

"రండి రండి. ఆయన ఇప్పుడే వచ్చారు. స్నానానికెళ్లారు. కూచోండి."

సోఫా పక్కన సేఫ్టీ బూట్లు, పసుపు హెల్మెట్ ఉన్నాయి. వెంకటేశ్వర రావు ఒక కట్టడాల కంపెనీలో సేఫ్టీ సూపర్‌వైజరు.

"ఇంకా డ్యూటీ చేస్తున్నారా అన్నయ్య?"

"మానమంటే వింటారా? తెల్లారకుండానే వెళ్లాలి. వర్కర్లని తెచ్చే లారీలుంటాయి కదండీ, వాటి వెనక తలుపులన్నీ ఈయనే చేత్తో లాగి చూడాలి. తన కింద ముగ్గురు పనిచేస్తున్నారు, వాళ్లు చూస్తే ఈయనకి ఆనదు. మా ప్రణవ్ నవ్వుతుంటాడు, డాడీకి లారీ అంటే లవ్ అని." అరుంధతి లోపలికి చూసింది. "కాఫీ కలుపుతా, ఉండండి."

వెంకటేశ్వర రావు లుంగీ కట్టుకుని, తల తుడుచుకుంటూ వచ్చాడు. అరవైకి దగ్గర మనిషి. తారాదేవిని చూసి తువ్వాలు భుజం మీద వేసుకున్నాడు.

"ఏటమ్మా? బసవయ్య గారు బాగున్నారా?"

ఆ పేరు అతని నోట వినడం ఆమెకు అదే మొదలు.

"బాగున్నారన్నా. ఒకటి చూపించడానికి వచ్చాను. ఆ బండి దొరికింది. మా నిశాంత్ తెలియక కొన్నాడు."

"ఏ బండి?"

"కంపెనీ ల్యాండ్ రోవర్. నీలంది."

వెంకటేశ్వర రావు ఎదురు కుర్చీలో కూర్చున్నాడు. కుర్చీ చేతుల మీద రెండు చేతులూ పెట్టాడు.

"విప్పుతుంటే వెనక ఒక ప్లేటు బయటపడింది. అది తీసి చూశాను. ఆ రోజు కొక్కేల వల్ల కాదన్నా. బందు ఊడొచ్చింది. ఇనుము తినేసి ఉంది. నేను ముప్ఫై ఏళ్లు చేసిన పని అదే, పొరపాటు పడను. నువ్వు చూస్తే నీకే తెలుస్తుంది." సంచిలోంచి మూట తీసి టీపాయ్ మీద పెట్టింది. తువ్వాలు ముడి తుప్పు నీళ్లకు తడిసి బిగుసుకుంది. గోళ్లతో దాన్ని వదులు చెయ్యబోయింది.

"ఎడం పక్కదా?" అన్నాడు వెంకటేశ్వర రావు.

తారాదేవి వేళ్లు ముడి మీద ఆగాయి.

తను బందు అంది. ఏ పక్కదో అనలేదు. కోర్టులో బందు మాటే రాలేదు. అక్కడ ఎవరు మాట్లాడినా కొక్కేల గురించే మాట్లాడారు. మర్నాటి ఉదయానికి ప్లేటు వేసేశారు. ఎడమదని తెలియాలంటే ఆ సాయంత్రం ఆ రోడ్డు మీద, అన్న పడిన చోట నిలబడి, వేలాడుతున్న తలుపును చూసి ఉండాలి.

"ఎడమదని నీకెవరు చెప్పారన్నా?"

అతను టీపాయ్ వైపు చూస్తున్నాడు. అరుంధతి కాఫీ గ్లాసులతో వచ్చింది. "ఏటండీ ఆ మూట?"

వెంకటేశ్వర రావు భార్య ముఖం చూశాడు. "పాత ఇనుము" అన్నాడు.

"ఇనుమా? టీపాయ్ మీదా? గీతలు పడతాయి, కింద పెట్టండమ్మా."

తారాదేవి మూటను తిరిగి సంచిలో పెట్టుకుంది. కాఫీ తాగింది. ప్రణవ్‌కు జీతం పెరిగిందని, జూన్‌లో పెళ్లి చూపులకు విజయనగరం వెళ్తున్నారని అరుంధతి చెప్పింది. వెంకటేశ్వర రావు గ్లాసు ముట్టలేదు.

లిఫ్ట్ దగ్గరికి అతను చెప్పులు లేకుండా వచ్చాడు.

"బసవయ్య గారికి తెలుసా, నువ్విక్కడికి వచ్చినట్టు?"

"తెలియదు. వెళ్లి ఏం చెప్పమంటావు?"

లిఫ్ట్ వచ్చింది. ఆమె ఎక్కింది. తలుపులు మూసుకున్నాయి.

తారాదేవి ఇల్లు చేరేసరికి బసవయ్య వంటింటి బల్ల దగ్గర అన్నం తింటున్నాడు. ఆమె సంచి గోడకు ఆనించి, ఆయన ఎదురుగా కూర్చుంది.

"వెంకటేశ్వర రావు ఇంటికెళ్లొచ్చాను నాన్నా."

ఆయన తింటూనే ఉన్నాడు. "చూపించావా?"

"విప్పలేదు. బందు ఊడిందని చెప్పాను. విప్పకముందే, ఎడం పక్కదా అని అడిగాడు."

బసవయ్య చెయ్యి కంచంలో ఆగింది. "ఏమన్నాడూ?"

"ఎడం పక్కదా అన్నాడు."

"వాడే అన్నాడా? నువ్వు చెప్పకముందే?"

"ముందే. అతను చూశాడు నాన్నా. చూసి కూడా కోర్టులో కొక్కేలు వెయ్యలేదన్నాడు. నేనేమో పాపం అన్న పోయిన కోపం అనుకున్నాను ఇన్నాళ్లూ. ఉగాదికి వరుసలోంచి తప్పుకునేది కోపం కాదు."

"ఇరవై రెండేళ్లు వాడికి" అన్నాడు బసవయ్య. "అన్న శవం ఇంకా ఊరికి పోలేదు. టౌకే వాణ్ణి ఆఫీసు గదిలో కూర్చోబెట్టి తలుపేసుకున్నాడు. ఏం చెప్పాడో నేను వినలేదు. వాడి వర్క్ పర్మిట్ టౌకే చేతిలో ఉంది. అది మాత్రం తెలుసు. బయటికొచ్చాక వాడు నా వైపు చూడలేదు."

"నువ్వు కోర్టులో చెప్పలేదా?"

"చెప్పాను, వేశానని. వాడు లేచి వెయ్యలేదన్నాడు. చచ్చిపోయినవాడి తమ్ముడు. జడ్జి ఎవరి మాట నమ్ముతాడు? నేనైనా వాడి మాటే నమ్ముదును."

"మాకైనా చెప్పాల్సింది."

"మీ అమ్మకి చెప్పాను. జైల్లోంచి వచ్చిన రోజు. రత్తమ్మా, నేను కొక్కేలు వేశానే అన్నాను. 'సరేలెండి, అయిపోయిందిగా, అన్నం తినండి' అంది." ఆయన అన్నంలోకి మజ్జిగ వంచుకున్నాడు. "ఆ తర్వాత ఇంకెవరికీ చెప్పబుద్ధి కాలేదు."

"నాకు చెప్పొచ్చుగా నాన్నా."

"నువ్వు అడగలేదుగా."

ఆ మాట ఉప్పు ఇటివ్వమన్నట్టే అన్నాడు. తారాదేవి లేచి మజ్జిగ గిన్నె తీసుకుని ఆయన కంచంలో ఇంకా పోసింది. అప్పటికే ఎక్కువైంది. కంచం అంచు దాటి బల్ల మీద పడింది. ఆమె గుడ్డ కోసం చూసింది, గుడ్డ చేతిలోనే ఉంది. బల్ల తుడిచి మళ్లీ కూర్చుంది.

షిప్‌యార్డులో ఆమె సంతకం లేకుండా ఓడ నీళ్లలోకి దిగేది కాదు. పక్కవాడు కొలిచానంటే ఊరుకోకుండా తన మీటరుతో మళ్లీ కొలిచేది.

"ఇప్పుడడుగుతున్నా" అంది. "ఆ రోజు కొక్కేలు వేశావా నాన్నా?"

బసవయ్య ఆమె ముఖంలోకి చూశాడు. ఎంగిలి చెయ్యి గాలిలో ఎత్తి, లేని తలుపు రెండు పక్కలా చూపించాడు.

"రెండూ వేశాను. ఇటు పిన్ను దూర్చాను. అటు పిన్ను దూర్చాను. పట్టుకుని లాగి చూశాను." చెయ్యి దించాడు. "అప్పన్న నవ్వాడు. 'బాబాయ్, రోజూ అంత గట్టిగా లాగితే అదే ఊడొస్తుంది' అన్నాడు."

ఆ తర్వాత ఆయన అన్నం తినలేదు.

మంగళవారం నిశాంత్ సెలవు పెట్టి వచ్చాడు. కొత్త అడ్డ ఛానెల్ ఇంగ్లండ్ నుంచి రావడానికి నెల పడుతుందని చెప్పాడు. ఈలోపు ఛాసిస్ శుభ్రం చెయ్యొచ్చు. ఇద్దరూ చెరో వైపు కూర్చుని తుప్పు గీకారు. కోసిన చోట బండి వెనక భాగం తెరుచుకుని ఉంది. నిశాంత్ ఆ వైపు పనికి వెళ్లలేదు.

"అత్తా, దీన్ని ఫినిష్ చేశాక తాత ఎక్కుతాడా?"

"అడుగు."

"నేనా? నువ్వే అడుగు లా."

"నువ్వే అడుగు. అడగడం ఇప్పట్నుంచే నేర్చుకో."

మధ్యాహ్నం రెండు దాటాక ఆమె ఫోన్ మోగింది. తెర మీద పేరు లేదు, నంబరు మాత్రమే ఉంది. చేతి తొడుగు పళ్లతో లాగి ఫోన్ ఎత్తింది.

"అమ్మా, నేను, వెంకటేశ్వర రావుని." వెనక లారీల చప్పుడు వినిపిస్తోంది. "బసవయ్య గారికి ఇయ్యి ఒకసారి."

ఆమె హాల్లోకి వెళ్లి తండ్రి చేతికి ఫోన్ ఇచ్చింది. ఎవరో చెప్పింది. బసవయ్య ఫోన్‌ను చెవికి పెట్టుకున్నాడు. తారాదేవి వాకిట్లోకి వచ్చి నిలబడింది. నిశాంత్ గ్రైండరు ఆపేశాడు.

అవతలి మనిషి చాలాసేపు మాట్లాడాడు. ఏం మాట్లాడాడో ఆమెకు వినబడలేదు. ఒకసారి బసవయ్య "ఊఁ" అన్నాడు. ఇంకోసారి "ఏడవకు, డ్యూటీలో ఉన్నావు" అన్నాడు. తర్వాత మళ్లీ చాలాసేపు విన్నాడు. చివర్న ఆయన అన్న మాట మాత్రం ఆమెకు స్పష్టంగా వినబడింది.

"రేపొద్దు. ఇవాళే రా."

సాయంత్రం ఐదున్నరకు గేటు ముందు టాక్సీ ఆగింది. వెంకటేశ్వర రావు డ్యూటీ బట్టల్లోనే దిగాడు. అతని వెనక అరుంధతి దిగింది. రెండో వైపు తలుపు తీసుకుని ప్రణవ్ దిగాడు. "వీళ్లకీ చూపించమ్మా, ఆ ఇనుము" అన్నాడు వెంకటేశ్వర రావు.